పెరటి కొలను ప్రశ్నలు: కడిగిన కొద్దీ పచ్చబడుతోందేం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. నీళ్లు పచ్చబడుతున్నాయి, కడుగుతున్నాం, మళ్లీ పచ్చబడుతున్నాయి. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగ్గా రాశాను. మిగతావాళ్లు కూడా ముందు అది చదివి, తర్వాత తమ ప్రశ్న దగ్గరికి రండి.

ప్రశ్న: మా పెరట్లో రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతున్న కొలను ఉంది. పద్నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, ఒక చిన్న పంపు, స్పాంజి ఫిల్టరు. పదిహేను రోజులకోసారి నీళ్లన్నీ తోడేసి, గోడలు బ్రష్‌తో తోమి, ఫిల్టరు కూడా కుళాయి కింద పెట్టి తెల్లగా కడిగి, కొత్త నీళ్లు నింపుతున్నాం. నాలుగు రోజులు అద్దంలా ఉంటాయి. వారం తిరిగేసరికి చేపలు కనబడనంత పచ్చగా అయిపోతాయి. పోయినసారి కడిగిన మర్నాడు మూడు చేపలు చచ్చిపోయాయి. ఇంకెంత శుభ్రంగా ఉంచాలండీ?

జవాబు: మీరు శుభ్రత తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది పడుతున్నారు. ఈ మాట వినగానే నమ్మబుద్ధి కాదని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ మొదటి ఏడాదంతా ఇదే పని చేశాను, నెలకు రెండు ఆదివారాలు బకెట్టూ బ్రష్షూ పట్టుకుని తొట్టిలో దిగడమే. కొలను అంటే నీళ్ల ట్యాంకు కాదు, కడిగేస్తే శుభ్రమైపోవడానికి. అందులో కంటికి కనబడని పనివాళ్లు ఉంటారు, మీరు కడిగిన ప్రతిసారీ వాళ్లను బయటకు తోసేస్తున్నారు.

ఎలాగో చెప్తాను. చేపలు ఊపిరి తీసుకునేటప్పుడే మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతాయి. తినకుండా మిగిలిన మేత, రెట్ట, రాలిన ఆకులు కుళ్లినా అదే వస్తుంది. అమ్మోనియా చేపకు విషం. గోడల మీద, రాళ్ల మీద, ముఖ్యంగా ఫిల్టరు స్పాంజిలో చేరే ఒకరకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకోరకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది చాలావరకు ప్రమాదం లేనిది, మొక్కలకు మేత. చేత్తో తడిమితే జారే ఆ పలచటి పాకుడు ఉంది చూశారా, మీరు బ్రష్‌తో తోమేస్తున్నది, అందులోనే ఈ బ్యాక్టీరియా కాపురం. కొత్త కొలనులో ఈ కాపురం నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చలిగా ఉంటే ఇంకా ఎక్కువ. మీరు రెండు వారాలకోసారి మొదటికి తెస్తుంటే అది ఎప్పటికీ నిలబడదు.

ఇక పచ్చదనం. అది మట్టి కాదు, మురికీ కాదు. నీళ్లలో విడివిడిగా తేలే ఏకకణ నాచు. దానికి కావలసినవి ఎండ, పోషకాలు, ఈ రెండే. అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ అన్నీ దానికి ఎరువే. మీ కొలనులో ఎండ ఉంది, పద్నాలుగు చేపలు రోజూ ఎరువు వేస్తున్నాయి, పోటీకి వేరే మొక్కలు లేవు. నీళ్లు మార్చిన నాలుగు రోజులు అద్దంలా ఉండటం నాచు పోయినందుకు కాదు, ఇంకా పెరగనందుకు.

చేపలు చనిపోవడానికి కారణం చేపల రోగం కాకపోవచ్చు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే మొప్పలు కాలినట్టవుతాయి. దానికి తోడు బ్యాక్టీరియా లేకపోవడంతో అమ్మోనియా పేరుకుంటుంది. పైగా పాత నీళ్ల వేడికీ కొత్త నీళ్ల వేడికీ తేడా ఎక్కువైతే చేప తట్టుకోలేదు. మూడూ ఒకే రోజు మీద పడి ఉండొచ్చు.

ఇప్పుడేం చేయాలంటే, ముందు మీ కొలనులో నీళ్లెన్నో లెక్క తెలుసుకోండి. పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించి వెయ్యితో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. మీది 1,800 లీటర్లు. పంపు గంటకు, పోనీ రెండు గంటలకైనా, ఆ నీళ్లన్నిటినీ ఒకసారి ఫిల్టరు గుండా తిప్పగలగాలి, అంటే గంటకు 900 నుంచి 1,800 లీటర్ల పంపు. రాత్రీ పగలూ ఆపొద్దు. ఫిల్టరులోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, కరెంటు పోయి పంపు చాలా గంటలు ఆగితే అవి చచ్చి స్పాంజి కుళ్లుతుంది. అలాంటప్పుడు ఫిల్టరులో నిలిచిన ఆ నీళ్లు బయట పారబోసి, స్పాంజి కడిగి, తర్వాతే పంపు వేయండి.

తోడటం ఈ రోజుతో మానేయండి. వారానికోసారి పదో వంతు నుంచి ఏడో వంతు నీళ్లు మాత్రమే తీయండి, మీకైతే 180 నుంచి 250 లీటర్లు. తీసేటప్పుడు పైనుంచి కాదు, పైపు అడుగుకు పెట్టి అక్కడ పేరుకున్న మడ్డితో సహా లాగండి. అవి మొక్కలకు పోయండి, మంచి ఎరువు. పోసే కొత్త నీళ్లు మూత లేని డ్రమ్ములో ఒకటి రెండు రోజులు నిలవ ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. కొన్నిచోట్ల నీళ్లలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలుపుతారు, అది నిలవ ఉంచినా పోదు, దానికి అక్వేరియం వాళ్లు వాడే డీక్లోరినేటర్ మందు పడాలి. స్పాంజి అడ్డుపడి నీళ్లు సన్నగా వస్తుంటేనే కడగండి, అదీ కొలను నుంచి తీసిన నీళ్ల బకెట్‌లో రెండు సార్లు పిండితే చాలు. గోధుమరంగు మడ్డి దిగిపోవాలి, స్పాంజి మాత్రం జిగురుగానే ఉండాలి. తెల్లగా అయ్యేదాకా కడిగితే పనివాళ్లను మళ్లీ గెంటేసినట్టే.

మేత సగానికి తగ్గించండి. నీటి పైభాగంలో సగం నీడ పడేలా కలువ, అంతర తామర లాంటివి వేయండి. అవి ఎండను ఆపుతాయి, నైట్రేట్‌ను లాక్కుంటాయి, నాచుకు రెండువైపులా దెబ్బ.

ఇదంతా చేశాక కూడా మొదటి మూడు వారాలు నీళ్లు పచ్చగానే ఉంటాయి, ఒక్కోసారి ముందుకన్నా చిక్కగా. అక్కడే అందరికీ ఓపిక పోతుంది, బ్రష్ తీస్తారు. దయచేసి తీయకండి. ఒక తెల్లటి ప్లేటు తాడుకు కట్టి నీళ్లలోకి దించి, ఎంత లోతులో కనబడకుండా పోయిందో వారం వారం రాసుకోండి. మాకు మొదట జానెడు లోతుకే మాయమైంది, నాలుగో వారానికి మూరెడు కనబడింది, ఐదో వారం చివర్లో ఒక ఉదయం చూద్దును కదా, ఎప్పుడో చేయి జారి పడిపోయిన కప్పు పిడి అడుగున రాళ్ల మధ్య తెల్లగా మెరుస్తోంది. ఆ తర్వాత నేను ఆ కొలనును మళ్లీ తోడలేదు.

ప్రశ్న: మా నీళ్లు పచ్చగా కాదు, గోధుమరంగులో మసగ్గా ఉంటాయి. ఇదీ నాచేనా?

జవాబు: ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి, కదపకుండా ఒక రోజు కిటికీ దగ్గర పెట్టండి. అడుగున సన్నటి పొరలా దిగి, పైన తేరుకుంటే అది మట్టి. గట్టు చుట్టుపక్కల నేలకన్నా పల్లంగా ఉండి వాన నీళ్లు లోపలికి పారుతుండాలి, లేదా చేపలు అడుగున తవ్వుతుండాలి. గట్టు నాలుగు వేళ్లు ఎత్తు చేయండి, మొక్కల కుండీల మీద మట్టి కనబడకుండా గులకరాళ్లు పరచండి. అదే నీళ్లు మసక లేకుండా తేటగానే ఉండి టీ రంగులో కనిపిస్తే, అది రాలిన ఆకుల నుంచి ఊరిన రంగు. చేపలకు దానితో పెద్ద హాని లేదు గానీ ఆకులు అడుగున కుళ్లుతున్నాయని అర్థం. అడుగు కదిపితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుందా? వస్తే ఆ నల్లటి మడ్డిని ఒక్కసారే కలియబెట్టకండి, అందులోని విషవాయువు చేపలను చంపగలదు. వారానికి కొంచెం చొప్పున పైపుతో లాగేయండి. ఆకులు రాలే రోజుల్లో పైన వల కప్పితే సగం పని తప్పుతుంది.

ప్రశ్న: తెల్లవారుజామున లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి. పది గంటలకల్లా మామూలుగా తిరుగుతాయి. ఆకలేమో అనుకుని పొద్దున్నే మేత వేస్తున్నాను. సరేనా?

జవాబు: వెంటనే ఆపండమ్మా, అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. పచ్చటి నీళ్లలో నాచు పగలంతా ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు చేపలతో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే సూర్యుడు రాకముందు నీళ్లలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. ఎండెక్కాక నాచు మళ్లీ పని మొదలుపెడుతుంది కాబట్టి పది గంటలకు చేపలు తేరుకుంటున్నాయి. ఆ సమయంలో మేత వేస్తే అరగడానికి ఇంకా ఆక్సిజన్ కావాలి, మిగిలిన మేత కుళ్లడానికీ కావాలి.

వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అందుకే ఎండాకాలంలో, మబ్బు పట్టి గాలి ఆడని రోజు తర్వాతి తెల్లవారుజామున, ఉన్నట్టుండి చేపలు పోతుంటాయి. ఈ రాత్రే ఒక ఎయిర్ పంపు పెట్టండి, లేకపోతే ఉన్న పంపు నీళ్లు పైనుంచి ధారగా పడేలా తిప్పండి, పైభాగం కదులుతూ ఉంటే చాలు గాలి కలుస్తుంది. చాలామంది ఫౌంటెన్‌ను పగలు అందానికి నడిపి రాత్రి ఆపుతారు, అవసరం సరిగ్గా తిరగబడి ఉంది.

ఇంకో సంగతి. పచ్చటి నీళ్లలో మధ్యాహ్నానికి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) బాగా పెరుగుతుంది, ఎందుకంటే నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే రూపం ఒక్క శాతం కూడా ఉండదు, అదే పీహెచ్ 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. అందుకని టెస్ట్ కిట్‌తో చూసేటప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి.

ప్రశ్న: పటిక వేస్తే నీళ్లు తేరుకుంటాయని ఒకరు, బ్లీచింగ్ పౌడరని ఇంకొకరు, మైలుతుత్తం చిటికెడు చాలని మరొకరు చెబుతున్నారు. ఏది మంచిది?

జవాబు: చేపలుండగా మూడూ వద్దు. పటిక మట్టిని దించుతుంది నిజమే, కానీ నీళ్లలోని క్షారతను, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణాన్ని, తినేసి పీహెచ్‌ను దించేస్తుంది, క్షారత తక్కువున్న నీళ్లలో అది చేపల ప్రాణానికే వస్తుంది. బ్లీచింగ్ పౌడర్ అంటే క్లోరినే, కొంచెమైనా మొప్పలకు, ఫిల్టరు బ్యాక్టీరియాకు దెబ్బ. మైలుతుత్తం అంటే రాగి ఉప్పు (కాపర్ సల్ఫేట్), అది నాచును చంపుతుంది, నత్తలను చంపుతుంది, గట్టిదనం (కాల్షియం లాంటి లవణాలు) లేని నీళ్లలో చేపలనూ చంపుతుంది. చచ్చిన నాచంతా ఒక్కసారిగా కుళ్లి ఉన్న ఆక్సిజన్ లాగేస్తుంది, రాగి మాత్రం విరిగిపోయేది కాదు గనక అడుగు మడ్డిలో ఉండిపోతుంది. చేపలు చచ్చాక నీళ్లు అద్దంలా ఉన్న కొలనులు నేను రెండు చూశాను. అలాంటి నీళ్లు ఎవరికి కావాలి?

ప్రశ్న: యూవీ లైటు పెడితే నీళ్లు వారంలో తేటపడతాయట. కొనమంటారా?

జవాబు: పచ్చటి నీళ్లకైతే పనిచేస్తుంది. పంపు నుంచి వచ్చే నీళ్లు ఆ దీపం పక్క నుంచి వెళ్లినప్పుడు తేలే నాచు దెబ్బతిని ఉండలు కడుతుంది, వాటిని ఫిల్టరు పట్టుకుంటుంది. అంటే ఫిల్టరు సరిగా లేకపోతే లైటు ఒక్కటే పనికిరాదు. అమ్మోనియాను అది తీయదు, రాళ్లకు పట్టిన నాచును ఏమీ చేయదు. దీపం వెలుగుతూనే ఉన్నా సుమారు ఏడాదికి అందులో యూవీ బలం పడిపోతుంది, మార్చాలి. వెలుగుతున్న దీపాన్ని నేరుగా చూడొద్దు, కళ్లకు ప్రమాదం. నా మాట అడిగితే ముందు మేత, నీడ, ఫిల్టరు మూడూ చక్కబెట్టండి, రెండు నెలల తర్వాత కూడా పచ్చగా ఉంటే అప్పుడు కొనండి.

ప్రశ్న: నీళ్లు తేటగానే ఉన్నాయి, కానీ రాళ్లకు జుట్టులా పొడుగాటి నాచు పట్టింది.

జవాబు: తేట నీళ్లలోనే అది వస్తుంది, ఎండ అడుగుదాకా తగులుతుంది కాబట్టి. గరుకు కర్ర ఒకటి ముంచి గుండ్రంగా తిప్పితే దారంలా చుట్టుకుని వచ్చేస్తుంది. బయట పడేసే ముందు కాసేపు గట్టు మీదే ఉంచండి, అందులో చిన్న చేపపిల్లలు చిక్కుకుంటే తిరిగి వదలొచ్చు. గోడలకు పట్టిన పొట్టి పచ్చ పాకుడును మాత్రం వదిలేయండి, చేపలు దాన్ని కొరుక్కుంటాయి.

ప్రశ్న: ఎండకు నీళ్లు తగ్గుతుంటే రోజూ నింపుతూనే ఉన్నాను. ఇంక వేరే మార్చాలా?

జవాబు: మార్చాలండీ. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, నైట్రేట్, లవణాలు అన్నీ కొలనులోనే ఉండిపోతాయి. నింపిన కొద్దీ చిక్కబడతాయే తప్ప తగ్గవు. కొంత తీసి పోస్తేనే తగ్గుతాయి.

ప్రశ్న: మా మనవడికి ఆరేళ్లు. గట్టు దగ్గరికి వెళ్తే చాలు చేపలన్నీ వాడి వైపు ఎగబడతాయి. పాపం ఆకలేస్తోంది తాతయ్యా అంటూ రోజుకు ఐదారుసార్లు మేత వేస్తాడు. వద్దంటే ఏడుస్తాడు. నిజంగా అంత మేత అవసరమా?

జవాబు: అవసరం లేదండీ. గోల్డ్‌ఫిష్‌కు కడుపు అంటూ వేరే ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది, అందుకే ఎప్పుడూ ఏదో వెతుక్కుంటూనే ఉంటుంది. ఎగబడటం ఆకలి కాదు, మనిషి వస్తే మేత వస్తుందని నేర్చుకున్న అలవాటు. పెద్ద చేపలకు రోజుకు ఒకటి రెండు సార్లు, రెండు మూడు నిమిషాల్లో పూర్తిగా తినేసేంత చాలు. గింజలు ఇంకా తేలుతుంటే వల పెట్టి తీసేయండి. బాగా చలిగా ఉండి నీళ్లు 10 డిగ్రీల లోపుకు వెళ్తే మేతే వద్దు, అరగదు. మీరు వారం ఊరెళ్లినా పెద్ద చేపలు ఉండగలవు, పక్కింటివాళ్లకు డబ్బా అప్పగించి వెళ్లడమే ఎక్కువ ప్రమాదం.

మనవడికి మాత్రం వద్దని చెప్పకండి. ఒక చిన్న మూతలో ఆ పూట మేత కొలిచి వాడి చేతికే ఇవ్వండి, ఒక్కో గింజ వేయమనండి. మిగతా సమయాల్లో చేపలన్నీ ఉన్నాయా, ఎవరైనా ఒంటరిగా మూలన నిలబడ్డారా, రెక్క ముడుచుకున్నారా చూసి మీకు చెప్పే పని వాడిది. పిల్లల కళ్లు మనకన్నా ముందే పసిగడతాయి. ఒక్కటి మాత్రం మరవద్దు, మొదటి ప్రశ్నలోని కొలనులా 60 సెంటీమీటర్ల లోతే ఉన్నా పిల్లలకు అది చాలా ఎక్కువ. పెద్దవాళ్లు పక్కన లేకుండా గట్టు దగ్గరికి పంపకండి, పైన గట్టి జాలీ ఒకటి అమర్చండి.

ప్రశ్న: కొలనుతో దోమలు పెరుగుతాయని ఇంట్లో గొడవ.

జవాబు: చేపలున్న కొలనులో పెరగవు, గోల్డ్‌ఫిష్, గప్పీలు దోమ పిల్లలను ఇష్టంగా తింటాయి. వెచ్చటి నీళ్లలో గుడ్డు నుంచి దోమ ఎగిరేదాకా వారం పది రోజులు పడుతుంది, అంతసేపు అవి చేపల నోట పడకుండా ఉండలేవు. చేప దూరలేని మూలలు, మొక్కలు మరీ గుబురుగా అల్లుకున్న చోట్లు, పక్కనే పెట్టిన డ్రమ్ము, ఇవి చూసుకోండి. నీళ్లు నిలవ ఉంచే డ్రమ్ముకు పలచటి గుడ్డ కట్టండి, క్లోరిన్ పోతుంది, దోమ దూరదు.

ప్రశ్న: నీడ కోసం గుర్రపుడెక్క నాలుగు మొక్కలు వేశాను. రెండు నెలల్లో కొలనంతా కమ్మేసింది. ఎక్కువైనవి దగ్గర్లో ఉన్న కాలువలో వదిలేయొచ్చా?

జవాబు: వద్దు, ఒక్క మొక్క కూడా వద్దు. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్క చాలా దేశాల్లో చెరువులను, కాలువలను కప్పేసింది ఇలా పెరళ్ల నుంచి, తోటల నుంచి జారిపోయే. అది నీళ్లలోని పోషకాలను బాగా లాగుతుంది, మీ కొలనుకు మేలే చేస్తోంది, కానీ మూడింట రెండు వంతులు కప్పేస్తే కింద నీళ్లకు గాలి ఆడదు. సగం ఖాళీ కనబడేలా వారం వారం తీసేయండి. తీసిన వాటిని వేళ్లు పైకి వచ్చేలా తిరగేసి ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టండి, తర్వాత కంపోస్టు గుంటలో వేయండి. అలాగే పెంచలేక వదిలించుకోవాలనుకునే చేపలను కూడా చెరువులోనో కాలువలోనో వదలకండి, కొలను ఉన్న ఇంకెవరికైనా అడిగి ఇవ్వండి.